ఒక్క పూటే అన్నారు

మా వీధి చివరింటావిడ ఆ మధ్య కూతురితో కలిసి నేపాలు వెళ్ళి, అక్కడి కొండల్లో ఊరూరూ తిరుగుతూ రోజుల తరబడి నడిచి వచ్చింది. ఫోటోలు చూపించింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇళ్ళల్లో పడుకున్నామనీ, పెట్టింది తిన్నామనీ, పొద్దున్నే లేచి మళ్ళీ నడిచామనీ మురిసిపోతూ చెప్పింది. "ఎంత హాయిగా ఉందో! నువ్వెప్పుడన్నా అట్లా నడిచావా అక్కయ్యా?" అని అడిగింది. నడిచాను తల్లీ అన్నాను. ఎక్కడ? అంది. ఏటి అవతల అన్నాను. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. నాకు పెళ్ళై రెండేళ్ళు, చంటిపిల్లకి ఎనిమిది నెలలు. గురజాల దగ్గర మా అత్తగారి ఊరు. పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఆడవాళ్ళకని ఉంచిన సీటు ఒకటుంది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఊళ్ళో ఒక పార్టీని ముందుండి నడిపించే మనిషి. ఇంట్లో పది చదివిన ఆడది నేనొక్కదాన్నే కాబట్టి నా పేరు రాయించేశారు. నీకిష్టమేనా అని అడిగిన పాపాన పోలేదు. కాగితాలు తెచ్చినప్పుడు నేను పిల్లకి పాలిస్తున్నాను. ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో సంతకం పెట్టాను. పోటీ లేకుండా వార్డు మెంబరునయ్యాను.

మా పల్నాడులో ఎలక్షను అయిపోయాకే అసలు ఎలక్షను మొదలవుతుంది. సర్పంచిని జనం ఎన్నుకున్నారు, ఆ గొడవ తీరింది. ఉపసర్పంచిని మాత్రం మెంబర్లందరూ ఒకచోట కూర్చుని చేతులెత్తి ఎన్నుకోవాలి. దానికి ఇటు మా బావగారు నిలబడ్డారు. అటు మా వెనకింటి పెద్దాయన నిలబడ్డాడు. వెనకిల్లంటే పరాయివాళ్ళది కాదు, దాయాదులదే. రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. ఎప్పుడో పొలం గట్టు దగ్గర తగువై మాటలు పోయాయట. నేను కాపరానికి వచ్చేసరికే ఇటువాళ్ళు అటు తొంగి చూసేవాళ్ళు కాదు, అటువాళ్ళు ఇటు పిలిచేవాళ్ళు కాదు.

ఆ వెనకింటి కోడలు ఎవరో కాదు, మా మేనమామ కూతురు. నాకన్నా ఏడాది చిన్నది. క్రోసూరులో మా మేనమామ ఇంట్లో ఇద్దరం ఒకే దుప్పటి కింద పడుకుని పెరిగినవాళ్ళం. ఒకే ఊరికి కోడళ్ళమయ్యామని పొంగిపోయాం గానీ, ఇక్కడికొచ్చాక గోడకి చెరోపక్క నోళ్ళు మూసుకుని బతికాం. దానికీ చంటిబిడ్డ ఉన్నాడు. వాడి ఏడుపు నాకు వినపడేది, నా పిల్ల ఏడుపు దానికి వినపడేది. అంతవరకే మా చుట్టరికం.

మెంబర్లను లెక్కేసుకుంటే చెరో సగం వచ్చారు. ఒక్క చెయ్యి అటు లేచినా ఇటు లేచినా గెలుపోటములు తారుమారు. మా పార్టీలో ఇద్దరి మీద అనుమానం. ఒకటి నేను, మేనమామ చుట్టరికం వల్ల. రెండోది మా ఊళ్ళో సైకిల్ షాపు పెట్టుకున్న సాయిబు, నేను బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి. ఆయన చేసిన నేరం రెండు పార్టీల సైకిళ్ళకీ గాలి కొట్టడం. మొదటి మీటింగులోనే చొక్కాలు చిరిగాయి, కుర్చీలు లేచాయి. వచ్చిన ఆఫీసరు మీటింగు మరుసటి వారానికి వాయిదా వేసి బస్సెక్కాడు. అప్పుడు మా బావగారు అనుమానమున్న మా ఇద్దరికీ క్యాంపు కట్టారు. క్యాంపంటే ఏమీ లేదు, చెయ్యెత్తాల్సిన మనుషుల్ని అవతలి పార్టీకి దొరక్కుండా తీసుకుపోయి దాచి, ఎత్తాల్సిన రోజున తీసుకురావడం. దీన్ని మా వైపు తప్పుగా ఎవరూ అనుకోరు. పెళ్ళికి పందిరెయ్యడం ఎంత మామూలో ఎలక్షనుకి క్యాంపూ అంత మామూలు.

నాకు మాత్రం క్యాంపని చెప్పలేదు. పొద్దున్నే పిల్లకి పాలిచ్చి ఉయ్యాలలో వేశాను. బావగారు వాకిట్లో నిలబడి, "అమ్మాయ్, మనోళ్ళింట్లో పెళ్ళి మాటలున్నయ్. ఆడమనుషులుంటే మర్యాదగా ఉంటది. నువ్వూ మీ అక్కా బయల్దేరండి. ఒక్క పూటే. పొద్దుగూకే లోపల ఇంట్లో ఉంటావు" అన్నారు. అక్కంటే ఆయన భార్య, నా తోడికోడలు.

"పిల్లని ఎత్తుకొస్తాను" అన్నాను.

"ఈ ఎండలోనా? వాడిపోద్ది. ఒక్క పూటకి దాన్ని చంపుకుంటావా ఏంది" అంది మా అత్తమ్మ. నా పిల్ల గేదెపాలు ముట్టదు, ఉగ్గుగిన్నె చూస్తే మొహం తిప్పేస్తుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ ఒక్క పూటే కదా అని నేనూ ఊరుకున్నాను. మా ఆయన గొడుగు తెచ్చి చేతికిచ్చాడు. అన్నగారి ముందు ఆ మనిషి నోరు లేచింది లేదు.

ఊరి చివర కాలవ దాటగానే సైకిల్ షాపు బాబాయి చేతిసంచీతో గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి అటొకడూ ఇటొకడూ చేతికర్రలతో నిలబడ్డారు.

"పెళ్ళి మాటలకి కర్రలెందుకు బావగారూ?" అన్నాను.

బాబాయే జవాబు చెప్పాడు. "పెళ్ళికొడుకు పారిపోకుండా అమ్మాయ్. నేనే పెళ్ళికొడుకుని. మీ బావ నిన్నట్నుంచి నన్ను కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటన్నాడు."

అక్కడ అర్థమైంది నాకు. వెనక్కి తిరిగాను. తోడికోడలు నా మోచెయ్యి పట్టుకుంది. "నడువ్ మే, అల్లరి చెయ్యమాక. ఒక్క పూటేగా" అంది. తోడు కోసం పంపిన మనిషి కాదు ఆమె, నాకు కాపలా.

బస్సులెక్కితే ఎవరో ఒకరు చూస్తారని నడకే పెట్టారు. వెల్దుర్తి వైపు పోతున్నామని బావగారు ఊళ్ళో నలుగురి చెవుల్లో వేసి వచ్చారట. అక్కడ మాకు చుట్టాలు ఎక్కువ కాబట్టి అందరూ నమ్ముతారు. నిజానికి దానికి ఎదురుదిక్కున, ఏటి వైపు నడిపించారు. ఆ దారి సొంత పార్టీవాళ్ళకి కూడా చెప్పలేదు. "ఇద్దరికి తెలిస్తే ఊరికి తెలిసినట్టే" అని తన తెలివికి తనే మీసం దువ్వుకున్నారు. ఆ తెలివి ఎంత పని చేసిందో తరవాత చెబుతాను.

మధ్యాహ్నం ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో అన్నాలు పెట్టారు. నాకు ముద్ద దిగలేదు. అప్పటికే రొమ్ములు బరువెక్కి గట్టిపడుతున్నాయి. ఇంట్లో ఈ పాటికి పిల్ల లేచి ఉంటుంది. లేచి నన్ను వెతుక్కుంటుంది. "ఇంక పోదాం బావగారూ, పిల్ల ఏడుస్తుంటది" అన్నాను. ఆయన బీడీ ఆర్పి, "రేపు" అన్నారు. మర్నాడు తెల్లారగానే మమ్మల్ని పుట్టి ఎక్కించారు. పుట్టంటే గుండ్రటి బుట్టలాంటి పడవ, తోలు కట్టి ఉంటుంది, నీళ్ళ మీద తిరుగుతూ పోతుంది. అది ఒక చుట్టు తిరిగితే మా ఒడ్డు కనపడేది, ఇంకో చుట్టుకి కనపడేది కాదు. నేను ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. పుట్టివాడు తెడ్డు ఆపి, "ఎందుకమ్మా, నీళ్ళంటే భయమా?" అన్నాడు.

అవతలి ఒడ్డు నల్గొండ జిల్లా. ఇప్పుడంటే వేరే రాష్ట్రం. అప్పుడు ఒకే రాష్ట్రమైనా నాకు మాత్రం పరాయి దేశంలాగే ఉంది. నాకు ఆ ఒడ్డున ఒక్క మనిషి తెలియదు, ఒక్క దారి తెలియదు. నాపరాళ్ళు ఎండకి కాలి ఆ సెగ చెప్పుల్లోంచి పాదాలకి తగిలేది. తుమ్మచెట్లు తప్ప నీడ లేదు. పొద్దున ఒక ఊరు, సాయంత్రానికి ఇంకో ఊరు. ఎవరన్నా మా మొహాల వంక రెండోసారి చూస్తే చాలు, బావగారు లేపి నడిపించేవారు. ఇంతమంది ఎందుకొచ్చారని అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం కావాలి కదా. శ్రీశైలం మొక్కు, కాలినడకన పోతున్నామని మొదటి ఊళ్ళో చెప్పారు. ఆ ఇంటాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "శ్రీశైలం పొయ్యేటోళ్ళు ఇటెందుకొచ్చిన్రు? అది వెనకాలుండె. సాయిబు గూడ మొక్కుకున్నడా?" అన్నాడు.

"నాకు కీళ్ళనొప్పులు. ఏ దేవుడు తగ్గించినా ఫర్వాలా" అన్నాడు బాబాయి.

ఆ ఊరి నుంచి ఆ పూటే కదిలించారు. తరవాత అబద్ధం మార్చారు. పాడిగేదెలు కొనడానికి వచ్చాం అని.

ఆ నడకలో నాకున్న చింత ఒక్కటే. పాలు ఎండిపోకూడదు. బిడ్డ తాగకపోతే పాలు వెనక్కి పోతాయని పెద్దవాళ్ళు అంటుంటే విన్నదాన్ని. గేదెపాలు ముట్టని పిల్ల, నా పాలు కూడా లేకపోతే ఏం తాగి బతుకుతుంది? అందుకని పూటపూటకీ గోడ చాటునో చెట్టు చాటునో కూర్చుని పాలు పిండుకునేదాన్ని. తల్లిపాలు నలుగురూ తొక్కే చోట పడకూడదంటారు. చెట్టు మొదట్లో పోసేదాన్ని. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఎన్ని తుమ్మచెట్లకి నా పిల్ల పాలు పోశానో. అప్పుడు కూడా తోడికోడలు పక్కనే.

"కాస్త అటు తిరగక్కా. పాలతో పాటు నేను కూడా కారిపోతానా" అని కసిరేదాన్ని.

"మీ బావ చూడమన్నాడే. నేనేం జేసేది" అనేది. ఆమె మీద కోపం వచ్చేది గానీ, ఆమె కాళ్ళూ బొబ్బలెక్కాయి. ఆమెకీ ఇద్దరు పిల్లలు ఇంట్లో.

నాకు టైము కావాలని బాబాయి కనిపెట్టేవాడు. నేను వెనకబడగానే, "అబ్బా, తిమ్మిరెక్కింది" అని దారి మధ్యలో కూలబడేవాడు. కర్రలవాళ్ళు ఆయన చుట్టూ నిలబడేవారు. నేను చాటుకి పోయి వచ్చేదాన్ని. నేను రాగానే ఆయన తిమ్మిరి దిగేది.

ఇంటికి పంపండని అడిగే కొద్దీ నాకే ఉచ్చు బిగిసింది. ఒకరోజు బావగారు నేను వింటుండగానే కర్రలవాళ్ళతో అన్నారు: "చూశారా, ఊరికే ఇంటికి ఇంటికి అంటంది. వెనకింటోళ్ళకి మాటిచ్చే ఉంటది. లేకపోతే ఇంత ఆత్రం దేనికి?" నా ఏడుపు ఆయనకి సాక్ష్యమైపోయింది. ఏడిస్తే వాళ్ళ మనిషిని, ఏడవకపోతే గుండె రాయి చేసుకున్న వాళ్ళ మనిషిని. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావగారూ, ఈ చెయ్యి మీకు కావాలంటే కోసి ఇస్తాను, సంచీలో వేసుకుని మీరు తిరగండి. మిగతా మనిషిని ఇంటికి పంపించండి" అన్నాను.

మా ఇళ్ళల్లో బావగారితో మరదలు అట్లా మాట్లాడదు. ఆయన కర్రలవాళ్ళ వైపు తిరిగారు. "ఎండ నెత్తికెక్కింది పిల్లకి. మజ్జిగియ్యండ్రా" అన్నారు. మజ్జిగిచ్చారు, తాగాను, మళ్ళీ నడిపించారు.

గేదెల అబద్ధం ఒక ఊళ్ళో మా పీక మీదికొచ్చింది. గేదెలు కొనేవాళ్ళొచ్చారని తెలిసి ఒకాయన నిజంగానే గేదెను తోలుకొచ్చాడు. పళ్ళు చూడమన్నాడు, పొదుగు చూడమన్నాడు. బావగారికి తప్పలేదు, నిజంగా కొనేవాడిలాగా చుట్టూ తిరిగి తోక పట్టుకుని చూశారు. "పితికి చూపిస్త, రెండు చెంబులిస్తది" అని ఆయన దూడను తీసుకుపోయి దూరంగా గుంజకి కట్టాడు. దూడ అరిచింది. గేదె తల తిప్పి అటు చూసి అరిచింది. పొదుగు దగ్గర మనిషి కూర్చున్నా దానికి పట్టలేదు, మెడ అటే చాపి పలుపు తెంచుకోవాలని చూసింది. ఆ దూడ మళ్ళీ అరిచింది.

ఏమైందో నాకే తెలియదు. రవిక ముందంతా తడిసిపోయింది. లేచి పోయి ఆ దూడ పలుపు ఊడదీశాను. అది ఒక్క గంతులో తల్లి దగ్గరికి పోయి కుమ్ముకుంది. ఆయన చెంబు ఎగిరిపడింది.

"ఏందమ్మా ఇది! పితుకుతుంటే దూడనిడుస్తవా? మీరు గేదెలు కొననీకె వచ్చిన్రా, ఆగం జేయనీకె వచ్చిన్రా?" అని ఆయన అరిచాడు. బావగారు నా మీదికి వచ్చారు. "మతి బోయిందా నీకు?"

"పోయింది. తీసుకుపోయింది మీరే" అన్నాను.

ఆ గేదెలాయన తల్లి అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ముసలామె. కర్ర పట్టుకుని దిగొచ్చి, నా పైట పట్టుకుని చూసి, నన్ను లోపలికి తీసుకుపోయింది. తోడికోడలు వెనకే వస్తే గుమ్మం దగ్గర ఆపి తలుపు దగ్గరికేసింది. అన్నాళ్ళలో నా వెంట ఎవరూ రాని గది అదొక్కటే.

"బిడ్డేది?" అంది.

"ఇంటి దగ్గర."

"ఎన్ని నెలలు?"

చెప్పాను. ఆమె బయటికి వినపడేటట్టు తిట్టింది. "పాలిచ్చే తల్లిని గిట్ల దేశాల మీద తిప్పుతున్రు, వీళ్ళ మొగతనం పాడుగాను!" తరవాత పెరట్లోకి పోయి ఒడి నిండా మల్లెలు కోసుకొచ్చింది. "ఇవి కట్టు బిడ్డా. నొప్పి తగ్గుతది, జరం రాదు. రెండు దినాల్ల పాలు ఎండిపోతయి."

అవి చూడగానే వెనక్కి జరిగాను. నొప్పితో చెయ్యి పైకెత్తలేకపోతున్నాను, ఒళ్ళు కాలుతోంది. ఆ పువ్వులు కట్టుకుంటే హాయిగా ఉంటుందని నాకు తెలుసు. "వద్దవ్వా. ఎండిపోతే నా పిల్లకేం పెట్టను?" అన్నాను.

ఆమె మల్లెలు చాటలో పోసి, వేడినీళ్ళు పెట్టి, గుడ్డ తడిపి కాపడం పెట్టింది. గట్టిపడిన చోటల్లా తన చేత్తో నిమిరి పాలు తీసింది. ఆ తీసిన పాలు పారబొయ్యనివ్వలేదు. పెరట్లో మల్లెపాదులో పోసింది. మా అమ్మ ఎదురుగా ఉన్నట్టు ఏడ్చేశాను. పోయేటప్పుడు ఆమె బావగారిని వాకిట్లో నిలేసి, "ఎలక్షనోళ్ళేనా మీరు? మా దిక్కు గూడ ఉన్నరు మీ అసొంటోళ్ళు. గేదెలు కొంటరంట గేదెలు!" అంది. బావగారు చెప్పులు వేసుకుని గబగబా నడిచారు.

మీటింగు రోజు తెల్లవారుతుండగా మళ్ళీ ఏరు దాటాం. ఇటు ఒడ్డున కాలు పెట్టగానే నేను అందరికన్నా ముందు నడిచాను. తోడికోడలు పరిగెత్తి కూడా నన్ను అందుకోలేకపోయింది. పొలాలకి అడ్డంపడి పోతే ఇల్లు దగ్గర. కానీ ఊరి మొదట్లో కర్రలవాళ్ళు అడ్డం నిలబడ్డారు. "ముందు పంచాయతీ ఆఫీసు" అన్నారు బావగారు. "చెయ్యెత్తు, తరవాత నీ ఇష్టం. ఇంత దూరం వచ్చి ఇప్పుడు నిన్ను వదిలితే నేను పిచ్చోణ్ణి."

ఆఫీసు ముందు కొట్లాటకి సిద్ధంగా జనం ఉంటారని మా వాళ్ళు తలపాగాలు బిగించుకున్నారు. తీరా చూస్తే రెండు పార్టీల పెద్దలూ ఒకే బెంచీ మీద కూర్చుని సోడాలు తాగుతున్నారు. మా పార్టీ పెద్ద, ఊళ్ళో అందరూ పెద్దయ్య అనే ముసలాయన, బావగారిని చూసి లేచాడు.

"యాడ జచ్చావురా? రాజీ అయిపోయి రెండ్రోజులైంది. చెరో సగం కాలం చెయ్యాలని మాట్లాడుకున్నాం. ముందు ఆయన, తరవాత నువ్వు. నీకు చెబుదామని మనిషిని పంపితే, వాడు వెల్దుర్తిలో నీ చుట్టాల గడపలన్నీ తొక్కి కాళ్ళు వాచి వచ్చాడు!"

బావగారు తలపాగా ఊడదీశారు. ఆయన దాచిన తీరు అట్లాంటిది. శత్రువుకే కాదు, సొంతవాళ్ళకి కూడా దొరకలేదు. ఎవరికీ అక్కర్లేని నా చేతిని రెండు రోజులు అదనంగా ఆ రాళ్ళ మీద తిప్పారు.

"కీళ్ళనొప్పులు మాత్రం తగ్గాయి" అన్నాడు బాబాయి నిదానంగా.

ఆఫీసరు లోపలికి పిలిచాడు. అందరూ చేతులెత్తారు. ఎవరికోసం ఎత్తుతున్నామో నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎత్తాను. చెయ్యెత్తితే రొమ్ము గుంజి ప్రాణం పోయినట్టయింది. ఆయన తల కూడా పైకెత్తకుండా ఏకగ్రీవం అని రాసుకున్నాడు. నేను దించిన చెయ్యి దించినట్టే బయటికి పరిగెత్తాను.

ఇంట్లో ఉయ్యాల ఖాళీ. మా అత్తమ్మ వసారాలో కూర్చుని బియ్యం ఏరుతోంది, తలెత్తి నన్ను చూసి చాట పక్కన పెట్టింది.

"పిల్లేది?"

"ఉంది. బాగుంది" అంది. తరవాత చెయ్యెత్తి వెనక గోడ వైపు చూపించింది. "నేను అడగలేదే. గేదెపాలు నోట్లో బోస్తే ఊసేసింది. ఒక పగలూ రాత్రీ గుక్కపట్టి ఏడ్చింది. సొమ్మసిల్లుద్దేమోనని దాన్ని భుజానేసుకుని గోడ దగ్గర తిరుగుతుంటే, మీ మేనమామ కూతురు గోడ మీంచి రెండు చేతులూ చాపింది. అత్తా, ఇటియ్యి అంది. ఇచ్చా. పూటపూటా ఇచ్చా. తరవాత ఇచ్చి పుచ్చుకోవటం దేనికని గుమ్మంలోంచే పోతన్నా. వాళ్ళ అత్తా నేనూ ఎన్నేళ్ళకో మాట్లాడుకున్నాం. ఆ పెద్దాయన నా ముందే దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకున్నాడు."

రాజీ ఎట్లా అయిందో ఊళ్ళో ఎవర్నడిగినా పెద్దయ్య చేశాడంటారు. అనుకోనీ.

వెనకింటి గుమ్మంలోకి నేను కాపరానికొచ్చాక మొదటిసారి అడుగుపెట్టాను. నా మేనమామ కూతురు నడింట్లో చాప మీద కూర్చుని ఉంది. ఒక పక్క దాని కొడుకు నిద్రపోతున్నాడు. దాని ఒళ్ళో నా పిల్ల పాలు తాగుతోంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. నేనున్నప్పటికన్నా ఒళ్ళు చేసింది. అది చూసి నా రొమ్ముల్లోంచి పాలు వాటంతటవే కారాయి, పైటంతా తడిసింది. అన్ని ఊళ్ళలో పిండుకుంటూ, మల్లెలు వద్దని తోసేసి, నిలబెట్టుకుని తెచ్చిన పాలు.

అది నన్ను చూసింది. "వదినా" అంది. పిల్లని తన దగ్గర్నుంచి తీసి నా చేతుల్లో పెట్టింది.

నా పిల్ల నా మొహం చూసి ఏడ్చింది. ఎండకి నల్లబడి, పీక్కుపోయి, దుమ్ము కొట్టుకుని ఉన్న నన్ను అది గుర్తుపట్టలేదో, గుర్తుపట్టే ఏడ్చిందో. రొమ్ము అందిస్తే తల తిప్పేసుకుంది. వెనక్కి వంగి రెండు చేతులూ తనకి పాలిచ్చినదాని వైపు చాపింది. అన్నాళ్ళ నడకలో కూడా నాకంత కష్టం కలగలేదు. నా మేనమామ కూతురి మీద కోపం రావాల్సింది, రాలేదు. బిడ్డను బతికించిన మనిషి.

అది చాప మీద నాకు చోటు చేసింది. "కూచో వదినా. నాకానుకుని కూచో. నా వాసన తగులుతుంటే తాగుద్ది" అంది. భుజానికి భుజం ఆనించి కూర్చున్నాం, చిన్నప్పుడు క్రోసూరులో కూర్చున్నట్టు. అది పిల్ల వీపు మీద చెయ్యేసి, వాళ్ళమ్మ మాకు పాడిన జోల సన్నగా అందుకుంది. పిల్ల వెక్కుతూ దాని వంక చూస్తోంది, నా వంక చూస్తోంది.

అంతలో వీధిలోంచి బావగారి గొంతు. రాజీ అయినా ఆయన కాలు ఇంకా ఆ గడప దాటలేదు. బయట ఎండలోనే నిలబడి పిలిచారు. "అమ్మాయ్! అక్కడేం పని? ఇంటికి రా!"

ఇల్లు ఇల్లు అని నేను ఏడ్చినన్నాళ్ళూ ఆయనకి ఆ మాట వినపడలేదు. పిల్ల నోరు తెరిచింది, తల నా వైపు తిప్పింది, పట్టుకుంది. మొదట మెల్లగా, తరవాత ఆత్రంగా. నా కళ్ళు మూతలు పడ్డాయి.

"అమ్మాయ్, వినపడతందా? ఎంతసేపు నిలబెడతావు?"

"ఒక్క పూటేగా బావగారూ" అన్నాను. "నిలబడండి."